చాటింపు నుంచి ప్రీచరు దాకా: ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో ఒక ఇంగ్లీషు మాట

నెల్లూరు జిల్లా పడమటి మెట్టల్లో, చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు మాల మాదిగ పల్లెల్లో 'ప్రీచరు' అనే మాట తెలియని పెద్దవాళ్ళు తక్కువ. "వాళ్ళ తాత ప్రీచరు" అంటారు. "అది ప్రీచరయ్యోళ్ళ ఇల్లు" అంటారు. బస్సు, రోడ్డు లాగే ఇదీ ఇంగ్లీషు మాటన్న సంగతి ఎవరికీ తట్టదు. నిఘంటువు తెరిస్తే దానికి అర్థం ఒకటే: మత బోధకుడు. పల్లె దానికి ఇచ్చుకున్న అర్థం వేరు. ఈ రెండు అర్థాల మధ్య తేడా భాషా పండితుల గొడవేలే అని వదిలేయడానికి లేదు. దళిత క్రైస్తవుడి కులం ఏమిటి, అతను దెబ్బలు తింటే ఏ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వాలి అన్న వాదన ఇవాళ కోర్టుల్లో నడుస్తున్నది ఈ తేడా మీదనే.

ముందుగా ఒక సంగతి. చేజర్ల అనగానే చదువుకున్నవాళ్ళకు పల్నాటి చేజర్ల, అక్కడి కపోతేశ్వరాలయం గుర్తుకొస్తాయి. మనం మాట్లాడేది ఆత్మకూరు నియోజకవర్గంలోని నెల్లూరు చేజర్ల గురించి. అయినా ఆ పల్నాటి గుడిని కూడా ఊరికే దాటిపోకూడదు. గజపృష్ఠాకారంలో ఉన్న ఆ కట్టడం ఒకప్పటి బౌద్ధ చైత్యమని చరిత్రకారులు చెబుతారు. మిషనరీలు రాకముందు ఈ నేల మీద మత బోధ లేదనుకునేవాళ్ళకు ఆ ఇటుకలే జవాబు. మనం వాడే 'బోధ' అనే మాట, 'బుద్ధుడు' అనే మాట ఒకే ధాతువు నుంచి పుట్టాయి.

ఇక ఇంగ్లీషు మాట. 'ప్రీచ్' అనేది ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'ప్రేదికారె' అంటే పదిమంది ముందు నిలబడి గట్టిగా చాటి చెప్పడం. గ్రీకు కొత్త నిబంధనలో ఈ పనికి ఎక్కువగా వాడిన క్రియ 'కేరుస్సో'. దాని వెనక ఉన్న మనిషి 'కేరుక్స్'. రాజు తరఫున, పట్టణం తరఫున వీధుల్లో నిలబడి వార్త చాటేవాడు. అంటే మన ఊరి భాషలో చెప్పాలంటే చాటింపు వేసేవాడు.

ఈ దగ్గర ఆగి ఆలోచించాలి. మన ఊళ్ళలో చాటింపు వేసింది ఎవరు? కరణం రాసిచ్చిన కబురు, మునసబు చెప్పిన హుకుం, శిస్తు గడువు, జాతర రోజు, ఇవన్నీ డప్పు కొట్టి వీధి వీధికీ వినిపించింది మాల మాదిగలే. వెట్టివాడు అన్న పేరే ఆ పనికి కూలి లేదని చెబుతుంది. ఊరందరికీ వినబడే గొంతు అతనిది, అందులో ఒక్క మాట కూడా అతనిది కాదు. "ఇందుమూలముగా యావన్మందికీ" అని మొదలుపెట్టి అతను చాటిన దాంట్లో తన పల్లె గురించి ఏమీ ఉండదు. అదే మనిషి ప్రీచరు అయినప్పుడు మొదటిసారి తన మాటను తాను చాటాడు. నా దృష్టిలో మతం మారడం కంటే ఇది పెద్ద మార్పు. మిషనరీ పుస్తకాలు దీన్ని గమనించలేదు. వాళ్ళు లెక్కపెట్టింది ఎంతమంది మునిగారన్నదే.

తెలుగు బైబిలు తయారుచేసిన వాళ్ళు కూడా ఈ దారి పట్టలేదు. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన డె గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేసేటప్పుడు ఆయనకు చేయి కలిపింది బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్. ఆ అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్ని దిద్దుబాట్లు జరిగినా పండితుల తెలుగు ముద్ర పోలేదు. సువార్త, ప్రకటించు, బోధించు, ప్రసంగించు, అన్నీ సంస్కృత మాటలే. మనం చదివే బైబిలులో 'చాటించు' అనే మాట లేకపోలేదు. అది రాజుల ఆజ్ఞల దగ్గర, ఉపవాస దినాల దగ్గర కనబడుతుంది. సువార్త దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా 'ప్రకటించు' అని ఉంటుంది. గ్రీకులో రెండూ చాటింపు పనులే. తెలుగులో రాజు మాటకు చాటింపు, దేవుడి మాటకు ప్రకటన అయ్యాయి. చాటింపు అంటే అంటరానివాడి పని కాబట్టి వద్దనుకున్నారా, లేక గౌరవంగా ఉండాలని పెద్ద మాట వెదికారా? కారణం ఏదైనా జరిగింది మాత్రం ఒకటే. పల్లె పనికి పల్లెలో ఉన్న మాట పుస్తకంలోకి రాలేదు. పుస్తకంలోని 'సువార్తికుడు' పల్లె నాలుక మీద నిలబడలేదు. ఆ ఖాళీలోకి ఇంగ్లీషు 'ప్రీచరు' వచ్చి కూర్చుంది.

ఇది అమెరికన్ బాప్టిస్టుల మాట. వాళ్ళ మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు, ఉదయగిరి, ఆత్మకూరు ఒకే కలెక్టరు కింద ఉండేవి. అందుకని ఒంగోలు సంగతి చెప్పకుండా మన పడమటి తాలూకాల ప్రీచరు సంగతి చెప్పలేం. నెల్లూరుకు దక్షిణాన జర్మన్ లూథరన్లు, అంటే హెర్మన్స్‌బర్గ్ మిషను వాళ్ళు సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు పనిచేశారు. కతోలికుల్లో ఇదే పని చేసే మనిషిని ఉపదేశి అంటారు. కాబట్టి పల్లెలో మనిషిని ఏమని పిలిచారో వింటే ఆ పల్లె ఏ మిషను కిందిదో చాలావరకు పోల్చుకోవచ్చు.

నెల్లూరులో పాతికేళ్ళు గడిచినా బాప్టిస్టు సంఘం ఎదగలేదు. అమెరికాలో ఈ మిషనును మూసేద్దామని ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. ఊపు వచ్చింది మాదిగల నుంచి. ఆ ఊపు తెచ్చినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. తాళ్ళకొండపాడు ఆయన ఊరు. క్రైస్తవం సంగతి వినకముందే ఆయన గురువు. బండికట్ల వీరమ్మ అనే ఆమె దగ్గర రాజయోగం నేర్చుకుని తనకూ శిష్యుల్ని సంపాదించుకున్నాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు మాదిగ పల్లెల్లో నాసరయ్య అనే గురువు అనుచరులుండేవారు, పోతులూరి వీరబ్రహ్మం మాటలు చెప్పుకునేవారు. ఈ వివరాలన్నీ ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నాయి. ముసలి ప్రీచర్ల నోట విని ఆమె రాసిందది. విన్నది ఆమె, చెప్పింది వాళ్ళు. పుస్తకం మీద పేరు మాత్రం ఆమెది.

పేరయ్య తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు పోయి అక్కడ తెల్లవాళ్ళ బోధ విన్నాడు. 1866లో ఆయనా ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత ఆయన చేసిన పని కొత్తదేమీ కాదు. పాత దారిలోనే, పాత చుట్టరికాల మీదే, పాత శిష్యుల ఇళ్ళకే పోయి కొత్త కబురు చెప్పాడు. జాన్ క్లౌ ఒంగోలులో 1867 జనవరి 1న 8 మందితో సంఘం పెట్టాడు. అదే నెలలో పేరయ్య రమ్మన్నాడని తాళ్ళకొండపాడు పోతే, చుట్టుపక్కల పల్లెల మాదిగలు అప్పటికే కూడి ఉన్నారు. మిషనరీ వచ్చి మాదిగల్ని మార్చాడని చెప్పే చరిత్ర ఇక్కడ తిరగబడుతుంది. మాదిగలు ఆయన్ని పిలిపించుకున్నారు.

మిషను లెక్కల్లో మాత్రం ఇలాంటి మనిషికి 'నేటివ్ ప్రీచర్' అని పేరు. అమెరికా నుంచి వచ్చినవాడు మిషనరీ. ఇద్దరూ చేసేది అదే పని, ముందు ఒక 'నేటివ్' తగిలిస్తే జీతం మారుతుంది, కుర్చీ మారుతుంది, దొరగారి వరండాలో నిలబడే చోటు మారుతుంది. తర్వాత మెట్లు ఇంకా పెరిగాయి. అభిషేకం పొందినవాడు పాస్టరు, ఊళ్ళు తిరిగేవాడు ఇవాంజలిస్టు, పల్లెలో ఉండిపోయేవాడు ప్రీచరు. అతనే పగలు పిల్లలకు అక్షరాలు చెబితే టీచరు. 1872లో రామాపట్నంలో వేదాంత పాఠశాల మొదలయ్యాక అక్కడ చదివినవాడికీ చదవనివాడికీ మధ్య ఇంకో గీత పడింది. మొదటి తరం ప్రీచర్లలో అక్షరం రానివాళ్ళు ఉన్నారు. వాక్యాలు, పాటలు కంఠతా పట్టి చెప్పినవాళ్ళు. వాళ్ళ పక్కన చదువుకున్న కొడుకులు నిలబడేసరికి వాళ్ళు సహాయకులయ్యారు.

ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఆమె ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించింది, పాడింది, ప్రార్థన చేసింది, పురుళ్ళ దగ్గర కూర్చుంది. రిజిస్టరులో ఆమె 'బైబిల్ ఉమన్'. ప్రీచరు అనే మాట ఆమెకు ఇవ్వలేదు. పల్లె కూడా ఆమెను అమ్మగారు అన్నదే గాని ప్రీచరమ్మ అన్నది మొగుడు ప్రీచరైతేనే. వీరమ్మ లాంటి ఆడమనిషిని గురువుగా ఒప్పుకున్న పల్లె, మిషను వచ్చాక ఆడమనిషిని ఆ స్థానంలో చూడలేదు. ఇది మనం నష్టపోయిన చోటు.

1876-78 కరువు గురించి చాలామంది రాశారు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ పని క్లౌ కంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకు తవ్వకం పని దొరికింది. తవ్వకం మీద అజమాయిషీ ప్రీచర్లది. మేస్త్రీలు అగ్రకులాల వాళ్ళయిన చోట కూలి చేతికి వచ్చేదాకా తిట్లు, కోతలు తప్పవు. ఇక్కడ మాదిగ కూలికి మాదిగ మేస్త్రీ. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికినప్పుడు అతను పక్కన కూర్చుని మాట్లాడేవాడు. గంజి కోసం మారారని తర్వాత అన్నవాళ్ళున్నారు, ఇప్పటికీ అంటారు. కరువు నడిచిన కాలంలో పదిహేను నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ముగిసే వేళకు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది మునిగారు. ఈ అంకె ప్రపంచమంతా క్లౌ పేరు మీద తిరిగింది. నీళ్ళలో నిలబడి వాళ్ళను ముంచింది ఆయన కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. ఊరి బావి తాకే హక్కు లేని చేతులవి.

ఈ అల మన పడమటి వైపుకు చేరడానికి కొంత కాలం పట్టింది. ఉదయగిరిలో మిషను స్టేషను 1885లో, ఆత్మకూరులో 1893లో వచ్చాయి. ఇవి మెట్ట తాలూకాలు. వాన పడితే సజ్జ, జొన్న, పడకపోతే వలస. ఇలాంటి చోట దొరగారు ఏడాదికి ఒకసారి గుడారం వేసుకుని పల్లెకు వస్తే గొప్ప. మిగతా రోజులన్నీ క్రైస్తవమంటే ప్రీచరే. అందుకే ఈ మాటకు పల్లె ఇచ్చిన అర్థం ఇక్కడ బాగా కనబడుతుంది.

ప్రీచరు ఏం చేసేవాడు? ఆదివారం వాక్యం చెప్పేవాడు, అది సరే. వారం పొడుగునా తాటాకు పాకలో పలకలు పట్టించేవాడు. అదే పాక ఆదివారం గుడి. ఉత్తరం వస్తే చదివేది అతను. పోరంబోకు మీద దరఖాస్తు పెట్టాలంటే అర్జీ రాసేది అతను. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేముందు "ఏం రాసుండాదో చూడయ్యా" అని తెచ్చి చూపించేది అతనికే. ఇక్కడే షావుకారుకు, కరణానికి కడుపు మండింది. మోక్షం గురించి ఎవరేం చెప్పుకున్నా వాళ్ళకు పట్టింపు లేదు. కాగితం చదవగలిగిన మాదిగ మీదే వాళ్ళ కోపం.

రెండో గొడవ డప్పు. కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ ముఖ్యంగా చెప్పినవి మూడు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇవి మత నియమాలు. ఊళ్ళో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానడమంటే వెట్టికి ఒక రోజు సెలవు అడగడం. చచ్చిన గొడ్డును వదిలేయడమంటే ఊరి అంటును మోయనని చెప్పడం. జాతరకు డప్పు కొట్టననడమంటే ఊరి కట్టుబాటును ధిక్కరించడం. కాబట్టి దెబ్బలు పడ్డాయి, బావులు మూసుకున్నాయి, దొంగతనం కేసులు పుట్టాయి. ఈ నియమాలు పల్లెలో నిలబెట్టాల్సినవాడు ప్రీచరే కనుక మొదటి దెబ్బ అతనికే.

అయితే అంతా మెచ్చుకోవలసిందే అనడం లేదు. డప్పు వెట్టి నుంచి విడిపించడం ఒక ఎత్తు, డప్పే సైతాను వాయిద్యమని పారేయించడం ఇంకో ఎత్తు. తత్వాలు, యోగుల పాటలు, మాతంగి కథలు ప్రీచరు ఇంట్లోనే ముందుగా ఆగిపోయాయి. జీతం మిషను నుంచి వచ్చేకొద్దీ అతను పల్లెకు కాక కాంపౌండుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మాల సంఘం, మాదిగ సంఘం ఎదురెదురుగా ఉండి ఒకరి గుడికి ఒకరు పోని చోట్లు ఉన్నాయి. ఆ గోడను పడగొట్టడం ప్రీచరు పనిలో భాగమని ఎవరూ అనుకోలేదు.

పాకబడి ఆనవాయితీ ఈ ప్రాంతంలో ఎంత లోతుగా పోయిందో తర్వాతి చరిత్ర చెబుతుంది. ఉదయగిరి ప్రాంతపు దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రి అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే సారా దుకాణం మీదికి పోయారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. దానికీ మిషనుకూ సంబంధం ఉందని నేననడం లేదు. లాంతరు కింద పదిమంది కూర్చుంటే దొరలకు భయం ఎందుకో ఈ మెట్ట పల్లెలకు అంతకుముందే తెలుసు.

చాటింపు కూడా తిరిగి వచ్చింది. 1994 జూలై 7న ఒంగోలు దగ్గరి ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ ఉద్యమానికి నిలిచిన పేరు దండోరా. ఊరి కోసం కొట్టిన డప్పు తమ కోసం కొట్టుకున్నారు. ప్రీచర్ల మనవళ్ళు, మునిమనవళ్ళు అందులో ఉన్నారు. తాత వదిలేసిన డప్పును మనవడు భుజాన వేసుకోవడం తాతకు ఎదురు తిరగడమని కొందరంటారు. తాత చేసిన పనే ఇదీ అని నేనంటాను.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగం 25వ అధికరణంలో 'ప్రీచ్' అనే మాట లేదు. అక్కడ ఉన్నది 'ప్రొపగేట్'. ఇది తోటపని నుంచి వచ్చిన లాటిన్ మాట. తీగను వంచి మట్టిలో తొక్కి అంటు తీయడం. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఈ మాట ఉంచాలా తీసేయాలా అని వాదన జరిగింది. లోకనాథ మిశ్రా వద్దన్నాడు. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉండాలన్నారు. ఉండిపోయింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దానికి అర్థం చెప్పింది: మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేసుకోవచ్చు, ఇంకొకరిని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదు. 2007లో మన రాష్ట్రం ఇదే మాటను తీసుకుని కొన్ని పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ వాదనలన్నిటిలో 'ప్రచారం' చేసేవాడు బయటి నుంచి వచ్చి ఎవర్నో లాక్కుపోయేవాడు. పేరయ్య లాంటివాడు, తన చుట్టాల ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడేవాడు, ఈ మాటలో ఇమడడు.

1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువు కానివాణ్ణి జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 1985లో సూసై కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడ మనిషి, క్రైస్తవుడు. తోటి చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకెందుకు ఇవ్వరని అడిగాడు. మతం మారాక కూడా కుల బాధ అదే తీవ్రతతో ఉందని రుజువు చేయలేదన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాల వాళ్ళను బి.సి. 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషను మత షరతు తీసేయమని చెప్పింది. 2023లో రాష్ట్ర శాసనసభ కూడా తీర్మానం చేసి పంపింది.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు ఈ వరసలోదే. ఒక పల్లె పాస్టరు తనను కులం పేరుతో తిట్టి కొట్టారని అత్యాచార నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేశాడు. ఆయన పదేళ్ళుగా పాస్టరు కాబట్టి క్రైస్తవుడు, క్రైస్తవుడు కాబట్టి షెడ్యూల్డు కులం మనిషి కాడు, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా ఆ చట్టం వర్తించదు అని కోర్టు కేసు కొట్టేసింది. గమనించండి. కొట్టేటప్పుడు కులం కనబడింది, కేసు పెట్టేటప్పుడు పాస్టరు అనే మాట కనబడింది. మిషను రిజిస్టరులో జీతం తగ్గించడానికి వాడిన మెట్టు, ఇప్పుడు కోర్టు కాగితంలో కులం రుజువును కొట్టేసే సాక్ష్యమైంది.

ఆత్మకూరు వైపు పల్లెల్లో ఒక మనిషికి రెండు పేర్లుండడం వింతేమీ కాదు. గుడిలో ఒకటి, బడిలో ఒకటి. యోహాను అని పిలిస్తే పలికేవాడి సర్టిఫికెట్టులో ఇంకో పేరు, పక్కన 'హిందూ మాదిగ' అనో 'హిందూ మాల' అనో ఉంటుంది. దీన్ని మోసమని పట్నం వాళ్ళు తేలిగ్గా అనేస్తారు. ఆ రెండో పేరు ఆ పిల్లవాడి తాత కోరుకున్నది కాదు, 1950 ఉత్తర్వు పెట్టించినది. స్కూల్లో చేర్చేటప్పుడు 'తండ్రి వృత్తి' అన్న గడి ఒకటుంటుంది. తండ్రి ప్రీచరైనా సరే, ఆ గడిలో 'కూలి' అని రాయిస్తారు.